కంబళి కప్పుకున్న టైర్లు

మొన్న నా స్కూటర్‌కు వెనక టైరు మార్పించడానికి మదనపల్లెలో ఒక అంగడికి పోయాను. అంగడాయన కొత్త టైరుకు చుట్టిన కాగితం చించగానే పచ్చి రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసన నన్ను ఉన్నపళంగా పుంగనూరులో మా అవ్వ ఇంటి పంచలోకి, నా ఐదో తరగతి వేసవి సెలవుల్లోకి తీసుకుపోయింది.

సెలవులు ఇచ్చిన మరుసటి రోజే అమ్మ నన్ను పుంగనూరు బస్సు ఎక్కించేది. అవ్వ ఇంట్లో నా నడుము ఎత్తు కూడా లేని పొట్టి ఆవు, పంచలో ఒక మూల ఒలవాల్సిన చెనిక్కాయల కుప్ప, ఇంకో మూల గడ్డిలో మాగబెట్టిన మామిడికాయలు, వాటి మధ్య ఆకువక్క నములుతూ వచ్చేపోయే వాళ్లందరినీ కేకేసి పలకరించే అవ్వ. పొద్దున రాగి సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి, మధ్యాహ్నం ఉప్పూకారం అద్దుకుని తినే పుల్లకాయలు, ఎండ తగ్గాక సంత మైదానంలో బిళ్లంగోడు, దుమ్ముతో ఎర్రబడిన కాళ్లు కడుక్కోకుండా ఇంట్లోకి వస్తే అవ్వ చేతిలో చీపురు. శనివారం సాయంత్రం కుప్పం బస్సు దిగి అమ్మ చెల్లెలు రేణుక చిన్నమ్మ వచ్చిందంటే ఇక ఆ ఇల్లు ఇల్లులా ఉండేది కాదు.

చిన్నమ్మ హైస్కూలు రోజుల నుంచే తాత మోపెడ్ మీద పాల క్యాన్లు కట్టుకుని డెయిరీకి పోయేది. వానాకాలం బంకమట్టి దారుల్లో కూడా పాలు తొణకనిచ్చేది కాదట. ఆ తర్వాత కుప్పంలో ఒక మోటారు సైకిళ్ల షోరూములో, సర్వీసు విభాగంలో ఉద్యోగానికి చేరింది. అక్కడే ఎవరో ఆమెకు చెప్పారు, ఆడపిల్లల మోటారు సైకిల్ రేసుకు మద్రాసులో ఎంపికలు జరుగుతున్నాయని. ఇంట్లో చెప్పకుండా కుప్పంలో రైలెక్కి పోయి, ఎంపికై వచ్చాక చెప్పింది. అవ్వ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "యాడన్నా పడి కాలో చెయ్యో ఇరగ్గొట్టుకుంటే నా దగ్గరికే గదా రావల్ల, పో" అంది. అదే ఆమె ఇచ్చిన అనుమతి.

ఆ మొదటి ఏడాది పోటీలో అందరికీ ఒకే రకం బండ్లు, ఒకే రకం టైర్లు. చీట్లు తీసి, ఎవరికి ఏది వస్తే అది నడపమన్నారు. చిన్నమ్మ గెలిచింది. గంగమ్మ జాతరకు ఓళిగలు కాలుస్తున్న అవ్వ పిండిచేతులతోనే ఆ కప్పు అందుకుని, దేవుడి గూట్లో పెట్టి కుంకుమ పెట్టింది. నేను వీధి వీధి తిరిగి చెప్పాను, మా చిన్నమ్మకు భయమంటే తెలీదని, ఆమెను మించి బండి తోలేవాళ్లు ఎక్కడా లేరని. గెలుపంటే ధైర్యమేనని ఆ వయసులో నా నమ్మకం.

మరుసటి ఏడాది ఆమె పెద్ద పోటీలకు పోయింది. అక్కడ ఎవరి జట్టు బండి వాళ్లదే. చిన్నమ్మను తీసుకున్నది డబ్బులు అంతంతమాత్రంగా ఉన్న ఒక చిన్న జట్టు. అవ్వ, అమ్మ, నేను చిత్రాన్నం మూట కట్టుకుని కుప్పంలో రైలెక్కి చూడటానికి పోయాము. మద్రాసు ఎండలో మెట్ల మీద గొడుగేసుకుని కూర్చుంది అవ్వ. జెండా ఊపగానే చిన్నమ్మ అందరికన్నా ముందు మొదటి మలుపు తిరిగింది. నేను అరిచిన అరుపుకు పక్కవాళ్లు తిరిగి చూశారు. కానీ తిన్నటి దారిలోకి రాగానే, పూణె నుంచి వచ్చిన ఒక పొడుగు అమ్మాయి, చిన్నమ్మ బండి నిలబడి ఉన్నట్టుగా, పక్కనుంచి దాటిపోయింది. ఆమె వెనకే ఇంకొకరు, ఇంకొకరు. చివరి చుట్లలో మలుపు తిరిగినప్పుడల్లా చిన్నమ్మ వెనక చక్రం పక్కకు జారుతుంటే, అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అందరికన్నా చివర వచ్చింది చిన్నమ్మ.

ఆ వారమే వీధి చివర కిరాణా అంగడి రామప్ప చెక్కెర పొట్లం కడుతూ నన్ను అడిగాడు. "ఏమమ్మా, మీ చిన్నమ్మ కడాకు వచ్చిందంట? పోయినేడు ఉండిన ధైర్యం యాడికి పాయ?"

నేను ఏడుస్తూ ఇంటికొచ్చాను. చిన్నమ్మ పంచలో కూర్చుని, బస్సు మీద వేసుకొచ్చిన రేసు టైర్లను చూసుకుంటోంది. ఒకటి కొత్తది, జట్టువాళ్లు వచ్చే పోటీకని ఇచ్చింది. ఇంకొకటి ఓడిపోయిన రోజుది. రామప్ప మాట చెప్పి, "నువ్వు భయపడినావా?" అని అడిగేశాను.

ఆమె కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుని పాత టైరు మీద పెట్టింది. చపాతీ పిండి పీటమీద నలిపినప్పుడు వచ్చే ఉండల్లాగా రబ్బరంతా లేచిపోయి గరగరలాడుతోంది.

"సూడు పాపా. సంగటి ముద్ద వేడిగా ఉంటే చేతికి అంటుకుంటాది, సల్లారితే జారిపోతాది. ఈ టైరూ అంతే. సల్లగుంటే నేలను పట్టుకోదు, మరీ కాగితే ఇట్ల పిగిలిపోతాది. వాళ్లు పొద్దునొకటి, మద్యాన్నమొకటి కొత్తవి మారుస్తారు. మేము ఒగదాంతోనే అంతా నడిపించల్ల."

"మరి బండి?"

"వాళ్లు ఏడాదంతా కూసోని ఇంజిన్ మార్చినారు, ముందర చక్రానికి కుదుపు ఆపే షాకులు మార్చినారు. మాది పోయినేటి బండే. నేను పోయినేడు ఎట్లుంటినో ఇప్పుడూ అట్లే ఉండాను."

వాకిట్లో ఆవుకు కుడితి పెడుతున్న అవ్వ ఇదంతా వింటోంది. "వేడిగా ఉండల్లంటే కప్పి పెట్టరాదా?" అంది. పెద్ద జట్లు టైర్లకు కరెంటు దుప్పట్లు చుడతారని, తమకు అవి లేవని చిన్నమ్మ చెప్పింది. అవ్వ లోపలికి పోయి, తాత కప్పుకునే నల్ల కంబళి తెచ్చి ఆమె ఒళ్లో పడేసింది.

తర్వాతి పోటీలో చిన్నమ్మ టైర్లు ఎండలో కాగి, కంబళి కప్పుకుని, పందెం మొదలయ్యేదాకా పసిపిల్లల్లా పడుకున్నాయి. చూసినవాళ్లు నవ్వారు. దాంతో ఆమె గెలిచిందని చెప్పాలని నాకూ ఉంది, కానీ గెలవలేదు. మొదటి చుట్టంతా ముందుంది, తర్వాత బండికి దమ్ము చాలక వెనకబడి, అందరి నడుమ ఎక్కడో ముగించింది. ఆ రోజు షెడ్డులో, ఏ మలుపులో టైరు ఎలా జారిందో, ఏ చుట్టులో పట్టు తప్పిందో తన జట్టుకు చెబుతుంటే, పక్కన నిలబడి విన్న టైర్ల కంపెనీ పెద్దమనిషి కొన్నాళ్లకు కబురు పంపాడు. కొత్తగా చేసే టైర్లను తోలి చూసి చెప్పే ఉద్యోగం. అయితే అందులో చేరితే తను పోటీలకు దిగకూడదు.

చిన్నమ్మ ఆ కబురు తీసుకుని ఇంటికొచ్చినప్పుడు అవ్వ సూటిగా అడిగింది. "నువ్వు గెలిచేది ఇడిసిపెట్టి, ఇంగొకరు గెలిచేదానికి పని చేస్తావా?"

"ఎవురో ఒకరు ముందు తోలి సూడకపోతే మంచి టైరు యాడనుంచి వస్తాదమ్మా? ఆ తోలేది నేనే అయితే తప్పేముండాది?"

అలా చెప్పిందే కానీ, ఆ సాయంత్రం సంగటి ముద్ద విరవకుండానే లేచిపోయింది. నేను వెంట పోతే, సంత మైదానంలో తాత మోపెడ్ మీద ఊరికే చుట్లు తిరుగుతోంది. నన్ను వెనక ఎక్కించుకుని పొద్దుగూకేదాకా తిప్పింది. ఆమె వీపుకు చెంప ఆనించి కూర్చున్న నాకు, ఆమె ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

ఆమె పని చేసిన టైర్లు మరుసటి ఏడాది పోటీకి వచ్చాయి. వాటి మీద గెలిచింది ఆ పూణె అమ్మాయే. నేను చప్పట్లు కొట్టకుండా మూతి ముడుచుకుని కూర్చున్నాను. చిన్నమ్మ మాత్రం కంచె పట్టుకుని, చివరి చుట్టులో కూడా ఆ వెనక చక్రం జారకపోవడం చూసి, కప్పు గెలిచిన రోజుకన్నా గట్టిగా కేకలు పెట్టింది. ఆ అమ్మాయి బండి ఆపి, హెల్మెట్ తీసి, నేరుగా వచ్చి చిన్నమ్మను కావలించుకుంది. ఆమె మాటలు నాకు అర్థం కాలేదు. చిన్నమ్మ ముఖం చూశాక నేనూ లేచి చప్పట్లు కొట్టాను.

అవ్వ ఇప్పుడు లేదు. పొట్టి ఆవూ లేదు. సంత మైదానంలో రాళ్లు పాతి ఇళ్ల స్థలాలు చేశారు, బిళ్లంగోడు ఆడే పిల్లలకు జాగా లేదు. చిన్నమ్మ జట్టు ఎప్పుడో మూతబడింది. ఆమె హోసూరు వైపు స్థిరపడి, బండ్లు పరీక్షించే కొత్తవాళ్లకు పని నేర్పుతోంది. మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్లో ఉద్యోగం దొరక్కముందు నేను వరుసగా పరీక్షలు తప్పుతుంటే, సరిగ్గా చదవలేదని అనని మనిషి ఇంట్లో ఆమె ఒక్కతే. చదువుకోవడానికి నీకు గది ఉండాదా, పుస్తకాలు ఉండాయా అని అడిగింది. ఆ నెలాఖరుకు రెండూ ఏర్పాటు చేసింది.

ఆదివారం విదేశాల్లో జరిగే రేసులు ఇద్దరం ఎవరి ఫోన్లో వాళ్లం చూస్తాము. గెలిచినవాడు మెట్టెక్కి కప్పు ఎత్తుతుండగానే ఆమె ఫోన్ వస్తుంది.

"పాపా, కడాకు వచ్చినోడిని సూసినావా? ఆ బండిని అంతదూరం ఎట్ల తెచ్చినాడో!"

ఇక ఆ పూటంతా మేము అతని గురించే మాట్లాడుకుంటాము.