ఒక్క వేలి విద్వాంసుడు

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను చెప్పేదాంట్లో సగం గాలి, మిగతా సగంలోనూ కొంచెం ఊదుతాను. ఆ రోజుల్లో ఐర్లండ్‌లోని స్వోర్డ్స్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారాలు ఒక బడి హాలు అద్దెకు తీసుకునేది. మేం పన్నెండింటికి ఖాళీ చేస్తే నైజీరియావాళ్ల సంఘం దిగేది. నేను మావాళ్ల కీబోర్డు వాద్యగాణ్ణి. గుంటూరులో మూడు నెలల కోర్సు చేసి ప్రపంచ సంగీతాన్ని కాచి వడబోశానని నమ్మేవాణ్ణి. (కోర్సు రెండో నెలలో మాస్టారు ఊరు విడిచి వెళ్లిపోయారు. కారణం నేనేనంటారు.)

ఆ ఏడు క్రిస్మస్‌కు రెండు సంఘాలూ కలిసి ఆరాధన పెట్టుకున్నాయి. కీబోర్డు ఒక్కటే, కుర్చీ ఒక్కటే. అది నాకు దక్కకపోతే బతికి లాభం లేదనుకున్నాను. రిహార్సల్‌కు వాళ్ల పాటల పెద్ద వచ్చింది, ఆస్పత్రిలో నర్సుగా చేసే ఒక ఆంటీ. నేను ఊరుకోవచ్చుగా! "రాక్ సంగీతమంటే తెల్లవాళ్ల సొత్తు ఆంటీ. మీవాళ్లకు డప్పులు బాగా వచ్చు, కాదనను. కానీ ఈ శైలి మాత్రం..." అంటూ గంటన్నర దంచాను. మా పాస్టరు అంకుల్ "ఒరేయ్, ఆపరా, ఆమె డ్యూటీ దిగి వచ్చింది" అని చొక్కా లాగుతూనే ఉన్నారు.

"గ్రాండ్" అంది ఆంటీ, ఐర్లండ్‌లో సరేననడం అలాగే. "వాయించు, మై డియర్." వాయించాను. "ఆ ఎడమచేతి నడక అమెరికాలో నల్లవాళ్ల బ్లూస్‌ది. తీసెయ్." తీసేశాను. "స్వరాన్ని కిందికి జార్చి ఏడిపిస్తున్నావే, అదీ వాళ్లదే. తీసెయ్. ఒకరు పాడితే అందరూ బదులివ్వడమా? పొలాల్లో బానిసలు పాడుకున్న తీరది. నీ రాక్ దరువూ వాళ్ల చర్చిల్లోంచి నడిచొచ్చిందే. తీసెయ్." చివరికి నా చూపుడువేలు ఒక్కటి, దోమలా గుయ్‌మంటూ మిగిలింది. హాల్లోని మూడువందల మందీ కుర్చీల్లోంచి జారిపడి నవ్వారు.

"పోనీ చప్పట్లు కొట్టు" అంది. మన ప్రార్థన కూటాల అలవాటు కొద్దీ మొదటి దెబ్బకూ మూడో దెబ్బకూ కొట్టాను. వాళ్లంతా రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ కొట్టారు. "అది చప్పట్లు కాదు, పాటకు మేకులు దిగ్గొట్టడం" అని ఆంటీ వచ్చి నా కుర్చీలో కూర్చుంది. నేను లేచి, అందరి ముందూ, "నాది మూర్ఖత్వం ఆంటీ, క్షమించండి" అన్నాను.

ఇక కల్పించిందేదో చెప్పాలి. మూడువందల మంది కాదు, పదకొండు మంది. అది కల్పన కాదు, వాపు. అచ్చంగా కల్పించింది ఆ క్షమాపణ. అడగలేదు. "ఈ కీబోర్డే చవకరకం" అని గొణిగి బస్సెక్కాను. ఆంటీ తర్వాత దూరాన వాటర్‌ఫోర్డ్ ఊరికి మారిపోయింది, మళ్లీ కనబడలేదు. ఆ రోజు బస్సు కిటికీకి ముక్కు ఆనించి ఊరంతటి మీదా అలిగి కూర్చున్న ఆ కుర్రాడు ఇప్పుడు దొరికితే, చెవి మెలిపెట్టి బస్సు దించేవాణ్ణి: "వెనక్కి పో వెధవా, ఆమె ఇంకా హాల్లోనే ఉంది."