రసమట్టంతో కట్టిన చెరువు

కోరుట్లలో మా అక్క ఇంటి వెనక ఒక చెరువు ఉండేది. దాన్ని కట్టింది నేనే. కడుతున్నప్పుడు మాత్రం అది టెన్నిస్ కోర్టు అనుకున్నాను. ఒక మెకానికల్ ఇంజినీరు తన విద్యనంతా ఒకేచోట ప్రయోగిస్తే ఎంతటి వినాశనం సాధ్యమో చిత్తగించండి.

మేనకోడలు శ్రావ్య అప్పుడే ప్రొఫెషనల్ పోటీల్లో అడుగుపెట్టింది. ఒంటరిగా రైలెక్కేది, మొదటి రౌండులో ఓడి ఒంటరిగా తిరిగొచ్చేది. అలాంటి కొత్తవాళ్లకు జాతీయ స్థాయిలో ఒక పథకం ఉంది. ఎంపికైతే వెంట తిరిగే కోచ్, ఫిజియో, ప్రయాణ ఏర్పాట్లు అన్నీ వాళ్లవే. ఎంపిక చేసే కోచ్ మేడం శ్రావ్య సాధన చూడటానికి స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే, శ్రావ్య ఆడే జగిత్యాల కోర్టు మరమ్మతుకని మూతపడింది.

"ఫికర్ వద్దక్కా. ఇంటెన్క జాగల సిమెంటు కోర్టు నేనేస్త. సిరిసిల్లల మరమగ్గాలు బిగించేటోన్ని, నాకిదొక లెక్కనా?" అన్నాను.

మగ్గం కింది నేల వెంట్రుకవాసి వాలినా మగ్గం వణుకుతుంది. కనుక కోర్టంతా రసమట్టం పెట్టి చూశాను. అందులోని బుడగ తపస్సు చేసే మునిలా నడుమనే కూర్చుంది.

"గోళీ పెట్టి చూడక్కా. ఎటు పోవాల్నో తెల్వక ఆడనే నిలవడ్డది."

మేడం వచ్చే రోజు తెల్లవారేసరికి వాన దంచికొట్టింది. ఎటు పోవాలో నీళ్లకూ తెలియలేదు. ఆరుబయటి కోర్టుకు ఒక పక్కకు కాస్త వాలు ఉండాలట. మగ్గాల మీద వాన పడదు కదండీ, నాకెలా తోస్తుంది?

అక్క గట్టున నిలబడి నింపాదిగా అడిగింది. "తమ్మీ, చేపపిల్లల ఇడుద్దమా, నారు పోద్దమా?"

సిరిసిల్ల నుంచి అమ్ముడుపోని గుడ్డ తాన్లు జీపులో తెప్పించాను. మేడం వచ్చేసరికి శ్రావ్య, అక్క, నేను మోకాళ్ల మీద కూర్చుని కోర్టును పిండుతున్నాం.

"ఏమిటి సార్ ఇది?"

"నేల పూర్తిగా సమతలం మేడం."

"కనిపిస్తోంది."

శ్రావ్య లేచి చేతులు తుడుచుకుంది. "మేడం, ఈ కొసకు నేను నిలవడేంత జాగ ఆరింది. అవతల గా మూల ఆరింది. సర్వీసులు గా మూలకే కొడ్త, చూడుండ్రి."

బంతి తరువాత బంతి ఆ దుప్పటంత పొడి మూలలోనే పడింది. తప్పితే నీళ్లు చిందుతాయి. ఒక్కసారీ చిందలేదు. మేడం కుర్చీ అంచుకు జరిగారు.

వెళ్తూ నాతో అన్నారు. "కోచ్‌ను మేమిస్తాం, ఫిజియోను మేమిస్తాం. అడ్డంకులు మాత్రం మీ అంత శ్రద్ధగా మేం సమకూర్చలేం సార్."

ఇప్పుడు శ్రావ్య ఒంటరిగా ప్రయాణించడం లేదు, మొదటి రౌండులో ఓడటమూ తగ్గింది. మొన్న విదేశం నుంచి ఫోన్ చేసింది. "గెలిచిన మామా. నడుమల వానొచ్చింది గని, జెర్రసేపట్లనే కోర్టు ఆరింది. ఎవలు కట్టిండ్రో, నీ అంత సదువుకున్నోళ్లు గాదు."

ఆకాశం కనిపించే చోట ఇక రసమట్టం బయటికి తీయనని సిరిసిల్ల మగ్గాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గొడుగు పట్టుకున్నా సరే, తీయను.