ఖాలా ఇంటికొచ్చిన సాండా

ఎదురింటి గోడకని పోసిన ఇసుకను దాటుతుంటే చెప్పు జారి, పాదం అందులో దిగబడింది. మధ్యాహ్నపు వేడి మడమకు తగలగానే, కొత్తవాడలో మా పక్కింటి రజియా ఖాలా దగ్గర కొన్నాళ్లున్న సాండా గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచి ఆయాసమని నన్ను బడికి పంపలేదు. పొద్దున్నే నాన్న పాఠం చెప్పి పనికి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇంట్లో నేనొక్కదాన్నే. గోడవతల ఖాలా నేల మీద పరిచే దర్రీలు నేసే గుంటమగ్గం చప్పుడే నాకు తోడు. సాండా వచ్చిన వేసవిలో ఆ చప్పుడు మాటిమాటికీ ఆగిపోయేది. తొక్కీ తొక్కీ ఆమె మోకాళ్లు వాచిపోయాయి.

లారీ నడిపే ఆమె తమ్ముడు రాజస్థాన్ ఎడారి నుంచి గోనెసంచిలో సాండాను, అక్కడి ఇసుకలో బతికే పెద్ద బల్లిని, ప్రాణంతో తెచ్చాడు. దాని కొవ్వు కరిగించి రాస్తే కీళ్ల నొప్పులు పోతాయని మా వైపు నమ్మకం. "రాస్కుంటే మళ్ల ఉరుకుతవు ఆపా" అన్నాడు. "ఉరికి యాడికి పోవాల్రా?" అని ఖాలా నవ్వింది. శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి కోస్తానన్నాడు. అప్పటిదాకా ఉంచడానికి పాత తొట్టిలో ఇసుక నింపాం.

బాగా బలిసిన తొండను అరచేత్తో అణిచినట్టు ఉండేది. తోక నిండా ముళ్లు, కంకణాలు వరసగా తొడిగినట్టు. పొద్దున చల్లదనానికి బూడిదరంగులో ముడుచుకుని ఉండి, ఎండెక్కేకొద్దీ ఇసుకలా తెల్లబడేది. ఆకులూ పూలే నమిలేది. నీళ్ల గిన్నె వైపు చూసేది కాదు. పొద్దు వాలగానే బొరియలో దూరి, లోపలి నుంచే ఇసుకతో వాకిలి పూడ్చుకునేది. నేను పుల్లతో తవ్వబోతే ఖాలా చెయ్యి పట్టుకుంది.

"వద్దు బిడ్డా. ఎండొస్తే అదే తీస్తది. నిన్ను నేనెప్పుడన్న తలుపు కొట్టి పిలిచిన్నా?"

పిలవలేదు. అమ్మ పోయాక నేను తలుపేసుకున్న రోజుల్లో గడప మీద అన్నం గిన్నె పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయేది.

శుక్రవారం తమ్ముడు కత్తితో వచ్చాడు. ఖాలా తొట్టి పక్కన పీట మీద కూర్చునే ఉంది. పట్టిన చోటే వదిలిరమ్మంది. మరి మగ్గమెట్లా నడుస్తుందని అతను కోప్పడ్డాడు.

"నడవకుంటే నడవదు. నొప్పి నాది. పానం దానిదెందుకు?"

గొణుక్కుంటూనే తరువాతి లోడుకు తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక ఆమె ఒక్క మాటే అడిగింది, బొరియలోకి పోయిందా అని. "పోయింది ఆపా. తలుపు గూడ పెట్టుకుంది" అన్నాడు. నిజమో, అక్క మనసు కోసం చెప్పాడో తెలియదు. ఖాలా మళ్లీ అడగలేదు.

వానలు పడేనాటికి మగ్గం ఆగిపోయింది. ఆమె కుర్చీలో కూర్చుని నమాజు చేసుకునేది. గోడవతల ఆ నిశ్శబ్దానికి నేను చాలా ఏళ్లు అలవాటు పడలేకపోయాను. ఇప్పుడామె లేదు. రోజూ దీపం పెట్టి, ఆమెను నాకు పక్కింట్లో ఇచ్చినందుకు ముందు దండం పెట్టుకుంటాను. తరువాత ఈ ఆయాసం కాస్త తగ్గించమని అడుగుతాను. ఇంకొకరి ఊపిరి తీసి మాత్రం నాకివ్వొద్దు స్వామీ అని చెప్పి లేస్తాను.