రెండో తాళం లేకుండా బీసీఎం మార్చమన్న రోజు

కరోనా రెండో దెబ్బ తగ్గిన మరుసటి ఎండాకాలం నేను కర్నూలులో ఒక కార్ల సర్వీసు సెంటరులో డయాగ్నసిస్ టెక్నీషియన్‌ని. రిటైర్మెంటు దగ్గర పడింది. ఈ హోదా సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. షెడ్డులో అందరికంటే కింద హెల్పరు, ఆ పైన టెక్నీషియను, ఆ పైన సీనియరు. వాళ్ళెవరికీ అంతుపట్టని జబ్బుతో వచ్చిన కారు చివరికి డయాగ్నసిస్ టెక్నీషియను దగ్గరికి వస్తుంది. ఆ మెట్టుకు నేను ఏ కాలేజీ మీదుగానూ రాలేదు. లారీల షెడ్డులో సెల్ఫు మోటార్లు విప్పి, ఆ తర్వాత కంపెనీ మాన్యువలు పక్కన నిఘంటువు పెట్టుకుని చదివి వచ్చాను. మేనేజర్లు ఈ సంగతి బయటివాళ్ళకు గొప్పగా చెప్పేవారు. ప్రమోషను దగ్గరకొచ్చేసరికి సర్టిఫికెట్టు ఏదని అడిగేవారు. ఎన్నేళ్ళయినా ఆ మాట నాకు అరగలేదు.

ఆ కారు ఆత్మకూరు నుంచి వచ్చింది. తెచ్చినవాడు మాబుసాబ్, అక్కడ పరుపుల అంగడి నడుపుతాడు. వెనక సీట్లో వాళ్ళమ్మ హుసేనమ్మ. ఆమెకు రెండు కిడ్నీలూ పనిచేయవు. వారానికి రెండుసార్లు కర్నూలు ఆసుపత్రికి వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. ఉదయం మొదటి బ్యాచీలో ఆమె మంచం. ఆలస్యమైతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

కారు తీరు చూస్తే దానికి నిలకడ లేదు. మబ్బు తునక లేని ఎండలో వైపర్లు వాటంతట అవే ఆడుతున్నాయి. నడుస్తుండగా తలుపులు టకటకా లాక్ అవుతున్నాయి, మళ్ళీ తెరుచుకుంటున్నాయి. నందికొట్కూరు దాటాక ఒకసారి ఆగిపోయి ఎంతకూ లేవలేదట.

"దీనికి గాలి సోకిందంటాండారు మేస్త్రీ మా వీధిలో. దర్గాలో తాయెత్తు గూడా కట్టిస్తిమి," అని మాబుసాబ్ స్టీరింగు కింద నల్లదారం చూపించాడు.

"తాయెత్తు కట్టినాంక హారను గూడా మొదలుపెట్టె," అంది వెనక నుంచి హుసేనమ్మ.

బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటే డాష్‌బోర్డు లోపల, స్టీరింగు కిందుగా ఉండే ఒక పెట్టె. షెడ్డులో బీసీఎం అంటాం. లైట్లు, వైపర్లు, హారను, తలుపుల లాకులు దాని ఆజ్ఞ మీద నడుస్తాయి. ఆ మోడల్లో ఇంజను లేవడానికి అనుమతి ఇచ్చేదీ అదే. ఇలాంటి గోల కనిపించగానే మాడ్యూలు పోయిందని చెప్పేయడం ఈ కాలపు షెడ్లలో అలవాటైపోయింది. బ్యాటరీ ఎర్తు వదులైనా ఇదే గోల చేస్తుంది. కనెక్టరు పిన్నుకు చిలుము పట్టినా చేస్తుంది. బాగున్న మాడ్యూళ్ళను పీకి, కస్టమరు నెత్తిన కొత్తవి రుద్దడం నేను కళ్ళారా చూశాను, చూసిన ప్రతిసారీ పోట్లాడాను. అందుకే ముందు బ్యాటరీ ఓల్టేజీ, తర్వాత ఎర్తులు, ఫ్యూజులు, పిన్నులు అన్నీ చూశాను. స్విచ్చు ఆపే ఉంది, దాని నుంచి ఏ సిగ్నలూ పెట్టెలోకి పోవడం లేదు, పెట్టె నుంచి మాత్రం వైపరుకు ఆజ్ఞ వస్తోంది. అంటే తప్పు పెట్టెదే. కొత్తదానికి ఆర్డరు పెట్టి వాళ్ళను పంపించాను. వారం తిరిగాక సరుకు వచ్చింది, వాళ్ళనూ రమ్మన్నాను.

మరుసటి రోజు ఉదయం హుసేనమ్మకు డయాలసిస్ ఉంది. ఆ సాయంత్రానికల్లా కారు కదలాలి.

బీసీఎం మార్చడంలో విప్పి బిగించేది చిన్న పని. పాత పెట్టెలో ఉన్న ఆ కారు వివరాలన్నీ ముందు స్కానరులోకి ఎక్కించుకోవాలి. బ్యాటరీ నెగెటివు తీసి కాసేపు ఆగాలి. కొత్తది బిగించాక ఓల్టేజీ పడిపోకుండా చార్జరు తగిలించి ఆ వివరాలు అందులోకి దించాలి. అన్నిటికంటే చివర తాళాలు. తాళం చెవి తలలో చిన్న చిప్పు ఉంటుంది, దాన్ని గుర్తుపడితేనే ఇంజను లేస్తుంది. కొత్త పెట్టెకు ఏ తాళమూ తెలియదు. ఉన్న తాళాలన్నీ ఒకే పూటలో ఒకదాని వెంట ఒకటి చూపించాలి. ఆ పూట చూపించనిది దానికి పరాయిదే. దానితో తలుపు తీయొచ్చు, బండి మాత్రం లేవదు. ఈ పనికి కంపెనీ ఒక రహస్య సంఖ్య పంపుతుంది. ఆర్సీ కాపీ, ఆర్సీలో పేరున్న మనిషి గుర్తింపు కార్డు చూపనిదే పంపదు.

ఉదయం జాబ్ కార్డు రాసేటప్పుడు రెండో తాళం తెప్పిస్తానన్నాడు మాబుసాబ్. పెట్టె బిగించి, వివరాలు దించి, తాళాలు అడిగేసరికి మాట మార్చాడు. "అది యాడో పోయింది మేస్త్రీ. ఇదొక్కటే చెయ్యి."

స్కానరులో పాత పెట్టెకు రెండు తాళాలు తెలుసునని ఉంది. నేను వెయిటింగ్ రూముకు పోయి హుసేనమ్మను అడిగాను.

"పోలేదప్పా. చిన్నోని కాడుండాది," అంది ఆమె.

చిన్న కొడుకు దస్తగిరి సిమెంటు లారీ డ్రైవరు. తండ్రి పోయాక పెద్దమనుషులు కూర్చుని, తల్లి ఒక నెల పెద్దోని ఇంట్లో, ఒక నెల చిన్నోని ఇంట్లో అని వంతులు పెట్టారు. కారు ఆమె వెంట పోతుంది. అన్నదమ్ములకు చెరొక తాళం. ఆ రెండో తాళాన్ని ఈ పూట చచ్చిన తాళం చేయించాలని మాబుసాబ్ ఎత్తు.

నాకు ఒళ్ళు మండింది. చేయనని చెప్పాను. వర్క్స్ మేనేజరు కేబినులోకి పిలిచాడు. కస్టమరు ఒకటి చాలంటే నీకేం నొప్పి, సాయంత్రానికి డెలివరీ చూపించాలి అన్నాడు. ఎవరు కస్టమరు అని అడిగాను. జాబ్ కార్డులో పేరు మాబుసాబ్‌దే ఉందన్నాడు. కారు నడిపి తెచ్చినవాడి పేరు రాసుకుని అతన్నే యజమాని అనుకోవడం మా సెంటర్లలో మామూలు. నేను ఒప్పుకోకుండా వచ్చి దస్తగిరికి ఫోను చేశాను. అతను ఎర్రగుంట్లలో లోడు కోసం వరుసలో ఉన్నాడు. విషయం చెప్పగానే, "నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు సారూ!" అని కేకేసి పెట్టేశాడు.

ఆ తర్వాతి గంటలు నాకు కుదురు లేదు. కారు, బండి నిలిపి పనిచేసే బే మీద, డాష్‌బోర్డు విప్పుకుని, చార్జరు వైర్లు తగిలించుకుని ఉంది. పాత పెట్టె మళ్ళీ పెడదామంటే అది దారిలో ఆపేసే పెట్టె. కొత్త పెట్టెకు తాళం తెలియదు. మాబుసాబ్ గేటు దగ్గరికీ బే దగ్గరికీ తిరుగుతున్నాడు, నేనూ తిరుగుతున్నాను. హుసేనమ్మ కాళ్ళు వాచి ఉన్నాయి. రెండు గుక్కల నీళ్ళు కొలిచినట్టు తాగి సీసా మూత పెట్టేసింది.

ఎండ వాలుతుండగా దస్తగిరి వచ్చాడు, ఒళ్ళంతా సిమెంటు దుమ్ము.

"ఏమన్నా, నా తాళం పోయిందంటివంట? ఇదేంది మరి, గాడిద గుడ్డా?"

"ఉంటే ఏం జేస్తాండావు దాంతో? నా వంతులో కారు ఎత్తుకోని పెండ్లికి పోలేదా? అమ్మ ఆ పొద్దు బస్సులో పోయ!"

"నీవు జేయలేదా? నా నెలలో పరుపులేసుకోని బనగానపల్లెకు పోలేదా? ఆ పొద్దు అమ్మకు మంచమే దొరకకపాయ!"

షెడ్డులో పనులు ఆగిపోయాయి. నేను మధ్యలో దూరి, రెండు తాళాలూ ఇవ్వండి, రెండూ ఎక్కిస్తాను, గొడవ లేదు అన్నాను. న్యాయం నిలబెట్టానని అప్పటికి నాకు గట్టి నమ్మకం.

హుసేనమ్మ గోడ పట్టుకుని బే దాకా నడిచి వచ్చింది.

"ఆగప్పా. కారు ఎవరి పేరు మీదుండాది?"

"నీ పేరు మీదే అమ్మా," అన్నాను. ఆమె ఆర్సీ కాపీ కంపెనీకి పంపింది నేనే.

"అట్లయితే పొద్దున్నుంచి నన్ను తాళం యాడుండాదని అడిగినావు గానీ ఏం జేయాలని అడగలేదేం? రెండు తాళాలుండాయి గనకనే నేను రెండుసార్లు అగసాట్లు పడితి. ఒక్కటే చెయ్యి."

మాబుసాబ్ ముఖం వెలిగింది. ఆమె అతని వైపు చెయ్యి చాపింది. "తే." తర్వాత దస్తగిరి వైపు. "నీది గూడా." రెండూ అరచేతిలో పడ్డాక, ఎవరిదో చూడకుండానే ఒకటి నా చేతిలో పెట్టింది. "ఇది చేసి నాకియ్యి. బండి కావాలంటే నన్నడిగి తీస్కపోతారు."

పోగొట్టుకుంటే మళ్ళీ మొదటినుంచి ఈ తతంగమంతా ఉంటుందని హెచ్చరించాను. రెండో తాళంతో తలుపు మాత్రమే తెరుచుకుంటుందని కూడా చెప్పాను.

"తెరుచుకోని కూర్చోనీ ఎండలో," అంది. "పోగొట్టే పని మొగోళ్ళది. నా కాడ ఇన్నేండ్ల ఆసుపత్రి కాయితాలు ఒక్కటి పోలేదు."

దస్తగిరి నవ్వబోయి అన్న ముఖం చూసి ఊరుకున్నాడు. నేను జాబ్ కార్డులో ఒక్క తాళమే ఎక్కించమని యజమాని కోరినట్టు రాసి, ఆమె సంతకం తీసుకున్నాను. కంపెనీ సంఖ్య కొట్టి, తాళం తిప్పాను. ఇంజను లేచింది. వైపర్లు కదలకుండా ఉన్నాయి. ఆమె తాళాన్ని రిపోర్టుల సంచిలో వేసుకుని, చిన్నోడు అడిగాకే నడపడానికి తీసి ఇచ్చింది. పెద్దోడు పక్క సీట్లో కూర్చున్నాడు. మరుసటి ఉదయం సమయానికే ఆసుపత్రి చేరిందని ఆమే ఫోను చేయించి చెప్పింది.

బీసీఎం మార్చినప్పుడు కారు ఎవరి తాళానికి లేవాలన్నది మళ్ళీ మొదటినుంచి రాసినట్టే. రాయించే అధికారం ఆర్సీలో పేరున్న మనిషిది. అన్నదమ్ములకు సమానంగా పంచడం నాకు న్యాయంగా కనిపించింది, కానీ కారు వాళ్ళది కాదు. ఉద్యోగంలో మిగిలిన కాలమంతా ఈ పని వచ్చినప్పుడు ఆర్సీ మనిషిని పిలిపించి, నోటితో అడిగి, జాబ్ కార్డులో రాయించాకే డాష్‌బోర్డు విప్పాను. ఆలస్యమవుతోందని మేనేజర్లు గొణిగారు. గొణగనిచ్చాను.