బాపు బాజాలో గరగర

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు మా బాపు ట్రంబోన్‌ది. ఉప్పుగూడలో రైలు పట్టాలకు ఆనుకుని ఉన్న ఒంటిగది ఇల్లు మాది. బాపు పెళ్లిళ్ల బ్యాండులో ఆ పొడుగాటి ఇత్తడి బాజా వాయించేవాడు. పొద్దున్నే ముఖం కడుక్కుని ఆయన సాధన మొదలుపెడితే గూట్లో గిన్నెలు కూడా ఉలిక్కిపడేవి. రైలు వచ్చిందో బాపు ఊదాడో తెలియక పక్కింటివాళ్ల మేక తాడు తెంపుకుని పరుగెత్తిన రోజులున్నాయి. ఆ బాజా అంటే మాకు భయమూ భక్తీ రెండూ. బాపు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.

ఒక ఏడాది పెళ్లిళ్ల కాలం మొదలవుతూనే దానికి ఏదో తెగులు పట్టుకుంది. కింది స్వరం ఊదినప్పుడల్లా లోపల తుమ్మెద ఇరుక్కున్నట్టు జుయ్యిమని గరగర. బాపు మొదట నవ్వి ఊరుకున్నాడు. తర్వాత మరలన్నీ బిగించాడు. జారే గొట్టాన్ని ఊడదీసి గుడ్డతో తుడిచి నూనె పెట్టాడు. ఊదేటప్పుడు లోపల చేరే నీళ్లను వదలడానికి కింద ఒక బుల్లి మూత ఉంటుంది, దాని స్ప్రింగు కూడా మార్చాడు. గరగర పోలేదు. ఒక బరాత్‌లో సరిగ్గా పెళ్లికొడుకు గుర్రం దిగే వేళకు అది ఎంత ఘోరంగా వినిపించిందంటే, పెళ్లివారు వాయిద్యం ఆపించారట. బ్యాండు నడిపే మాస్టర్ సాబ్ వచ్చే వారం పెళ్లికి కూడా ఇలాగే ఉంటే వేరే మనిషిని పెట్టుకోక తప్పదని కబురు పంపాడు. బాపుకు ఊదడం తప్ప మరో పని రాదు.

ఆ కబురు విన్న సాయంత్రమే మా చిన్నాయన మీద పిడుగు పడింది. చిన్నాయన అంటే బాపు తమ్ముడు, మాతోనే ఉండేవాడు. ఫలక్‌నుమాలో రేకు పెట్టెలు చేసే కార్ఖానాలో పని. అన్న లేనప్పుడు ఆ బాజాను ఒళ్లో పెట్టుకుని తుడిచేవాడు, ఎప్పుడైనా దొంగచాటుగా ఓసారి ఊదేవాడు. ఆ సంగతి బాపుకు తెలుసు.

"నువ్వే కింద పడేసినవ్. నిజం చెప్పు!" అన్నాడు బాపు.

"అవ్వ మీద ఒట్టు అన్నా, నేనైతే పడెయ్యలే."

బాపు చెయ్యి లేచింది. నేను అంతకు ముందు బాపు ఎవరినైనా కొట్టగా చూడలేదు. దెబ్బ చిన్నాయన చెంప మీద పడితే, వాత నా గుండెల మీద తేలినట్టయింది. "నా ఇంట్ల ఉండకు, పో" అన్న మాట కూడా బాపు నోటి నుంచే వచ్చింది. చిన్నాయన దండెం మీది రెండు చొక్కాలు లాగి సంచిలో కుక్కుకుని వెళ్లిపోయాడు. అమ్మ వండిన అన్నం ఎవరూ ముట్టలేదు. నాయనమ్మ మాత్రం గోడకు ఆనుకుని, "గిదే జరగొద్దని ఎంత జేసిన, గిదే అయిపాయె" అని గొణుక్కుంటూ కూర్చుంది. ఏం చేసిందో మేం అడగలేదు. ముసలివాళ్లు ఏదో అంటూనే ఉంటారని మన లెక్క కదా!

చిన్నాయన వెళ్లిన రెండు మూడు రోజులకు మాస్టర్ సాబ్ తనే మా ఇంటికొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తెల్లటి గడ్డంతో ఉండేవాడు. మాట మెత్తన. వచ్చినవాడు చాయ్ కూడా తాగకుండా బాపును ఊదమన్నాడు. గరగర వచ్చింది. గూట్లో గిన్నెలు అదురుతున్నాయేమోనని వాకిట్లోకి తీసుకెళ్లి ఊదించాడు. అక్కడా వచ్చింది. అప్పుడు నన్ను పిలిచాడు.

"బేటీ, ఇటు రా. మీ బాపు ఊదుతుంటడు, నేను చూపించిన కాడ నువ్వు వేలు పెట్టు. ఏడ వేలు పెడితే లొల్లి బంద్ అయితదో, దొంగ గాడ్నే ఉన్నట్టు."

ముట్టుకోకూడని బాజాను ముట్టుకోమనేసరికి ముందు నా చేతులు గౌనుకు తుడుచుకున్నాను. గొట్టాలను కలిపే అడ్డకమ్మీల మీద వేలు పెట్టాను. నీళ్ల మూత మీద, మరల మీద, వెడల్పాటి నోటి అంచు మీద పెట్టాను. ఎక్కడ పెట్టినా ఇత్తడి వణుకు వేలికి తగులుతోంది కానీ గరగర ఆగలేదు. బాపు చెమటలు కక్కుతున్నాడు. చివరకు మాస్టర్ సాబ్ బాజా తన చేతిలోకి తీసుకుని అదే స్వరం ఊదాడు.

తేనె పోసినట్టు వచ్చింది. గరగర లేదు, జీర లేదు. ఇంకోసారి ఊదాడు. అంతే.

వాకిట్లో ఉన్నవాళ్లం నోళ్లు తెరిచి నిలబడిపోయాం. బాపు ముఖం చూస్తే కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. బాజా బాగానే ఉంది. అంటే లోపం మనిషిలోనే ఉందన్నమాట. "నా ఊపిరే ఖరాబైందా సాబ్?" అని అడిగాడు. ఆ గొంతు బాపుదని నమ్మడానికి నాకు కాసేపు పట్టింది.

మాస్టర్ సాబ్ బాజా మళ్లీ బాపుకే ఇచ్చి, కళ్లు మూసుకుని ఊదమన్నాడు. ఈసారి బాజాను వదిలి మనిషిని తాకమని నాకు సైగ చేశాడు. భుజం తాకాను. మోచెయ్యి తాకాను. బాజాను పట్టుకున్న ఎడమ మణికట్టు మీద వేలు పెట్టానో లేదో, గరగర ఠక్కున ఆగిపోయింది. వేలు తీశాను, వచ్చింది. పెట్టాను, ఆగింది. నా వేలి కింద ఉన్నది ఒక వెండి తాయెత్తు. ఆ మధ్యనే నాయనమ్మ చేయించి బాపుకు కట్టింది. నల్లదారానికి వదులుగా వేలాడుతూ ఇత్తడి గొట్టానికి తగులుతోంది, ఊదినప్పుడల్లా దానితోపాటు వణుకుతోంది. బాజాను వెయ్యిసార్లు ఊడదీసి చూసిన మనిషి తన చేతిని ఒక్కసారీ చూసుకోలేదు! బాపు కళ్లు తెరిచి నా వేలి వంక చూశాడు. నేను "ఇదిగో" అని అరవబోయాను. మాస్టర్ సాబ్ నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఆపాడు. గడపలో నాయనమ్మ కూర్చుని ఉంది.

"ఈ తాయెత్తుల ఏముందమ్మా?" అని ఆమెనే అడిగాడు, ఎంతో మర్యాదగా.

నాయనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నా ఇద్దరు కొడుకుల బొడ్డుపేగులు సాబ్. పుట్టినప్పటి సంది కుంకుమ భరిణెల దాచిన. రేపు చిన్నోనికి పెండ్లైతే ఏరు పడ్తరని భయమేసి, రెండు కలిపి పెట్టిచ్చి పెద్దోనికి కట్టిన. ఇడిపోవద్దని."

నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు కానీ, మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం గుర్తుంది. బాపు బాజాను ఒళ్లో పెట్టుకుని అక్కడే నేల మీద కూలబడ్డాడు. విడిపోవద్దని కట్టింది కట్టినచోటే ఉండి ఇద్దరినీ విడదీసింది. ఆ మాట ఆమెతో ఎవరంటారు? అంటే ఆ ముసలి ప్రాణం నిలుస్తుందా?

మాస్టర్ సాబ్ అనలేదు. జేబులోంచి బాజా తుడుచుకునే మెత్తటి గుడ్డ తీసి, అందులోంచి ఒక పేలిక చింపాడు. "ఇంత పాక్ చీజ్‌కి, పవిత్రమైన వస్తువుకి, చెమట తగలొద్దమ్మా. ఇట్ల చుట్టి, మోచెయ్యి పైన దండకు కట్టాలె. అప్పుడు దీని తాకత్ దిల్‌కి దగ్గర ఉంటది" అంటూ తాయెత్తును ఆ పేలికలో చుట్టి బాపు దండకు బిగించి కట్టాడు. ఊదమన్నాడు. స్వరం స్వచ్ఛంగా వచ్చింది. నాయనమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. తాయెత్తు తాకత్తు వల్లే బాజా బాగుపడిందని బతికినన్నాళ్లూ అందరికీ చెప్పుకుంది. మేమెవరం కాదనలేదు.

బాపు ఆ పూట నన్ను వెంటబెట్టుకుని పట్టాల పక్కనే ఫలక్‌నుమాకు నడిచాడు. కార్ఖానాలో రేకుల మీద సుత్తి దెబ్బలకు చెవులు పగిలిపోతున్నాయి. చిన్నాయన మమ్మల్ని చూసి కూడా చూడనట్టే పని చేసుకుంటున్నాడు. బాపు వెళ్లి అతని చేతిలో సుత్తి పట్టుకున్నాడు. కొట్టడానికొచ్చాడనుకున్నాడో ఏమో, చిన్నాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు చూసి బాపు ఏడ్చాడు. అంత లావు ఊపిరి ఉన్న మనిషి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే నేను కొయ్యబారిపోయాను. తర్వాత తమ్ముడి చెయ్యి లాక్కుని తన దండ మీద, ఆ గుడ్డ మీద పెట్టుకున్నాడు.

"లొల్లి జేసింది ఇదిరా. నువ్వు కాదు. దీంట్ల నువ్వు గూడ ఉన్నవట. అవ్వ చెప్పింది."

చిన్నాయన వెంటనే కరిగిపోలేదు. ఎందుకు కరుగుతాడు, చెంపదెబ్బ అంత తేలికా? మాతో ఇంటికి వచ్చాడు కానీ చాలా రోజులు అన్నతో ముక్తసరిగానే మాట్లాడాడు. ఆ తర్వాత వచ్చిన పెళ్లికి మాత్రం బాజాను తనే భుజాన వేసుకుని అన్న వెనకాల నడిచాడు. బాపు వద్దనలేదు.

ఇప్పుడు నా జుట్టు కూడా మాస్టర్ సాబ్ గడ్డంలాగే నెరిసింది. మిక్సీ గరగరమన్నా, ఇంట్లో మనుషులు గరగరమన్నా నేను ముందు నోరు తెరవను, వేలు పెట్టి చూస్తాను. మొదటి వేలు నా మీదే పెట్టుకుంటాను. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. దొరికినా, గడపలో ఎవరు కూర్చున్నారో చూసుకున్నాకే నోరు విప్పుతాను.

బాపూ లేడు, చిన్నాయనా లేడు. తాయెత్తు నా దగ్గరుంది. అప్పుడప్పుడు ఆ పేలిక విప్పి చెవి దగ్గర ఆడిస్తాను. లోపల సన్నగా గలగలమంటుంది. అందులో బాపు ఏదో చిన్నాయన ఏదో నాకు తెలియదు.