ఈశాన్యం మూల పంజరం

మా ఓనరమ్మ దృష్టిలో హామ్‌స్టర్ అంటే ఎలుకే. అరచేతిలో ఒదిగిపోయే ఆ గోధుమరంగు జీవిని దిల్‌సుఖ్‌నగర్‌లో కొని తెచ్చుకున్న రోజే ఆవిడ మేడెక్కి వచ్చింది. వాళ్లది సరూర్‌నగర్‌లో పాత వ్యవసాయ కుటుంబం. మేముండే ఇల్లు అడుగడుగునా వాస్తు చూసి కట్టించారు. కిరాయికున్నవాళ్లు మంచం ఎటు వేసుకోవాలో కూడా ఆవిడే చెబుతుంది. పంజరం చూసి, జీవాలను వాయవ్యంలోనే ఉంచాలని తేల్చేసింది. వాళ్ల పశువుల కొట్టం ఆ దిక్కునే ఉండేదట.

మా వాటాలో వాయవ్యమంటే వాషింగ్ మెషిన్ ఉన్న బాల్కనీ. మధ్యాహ్నం దాటితే పడమటెండ. మెషిన్ తిరిగితే గోడ కూడా వణుకుతుంది. అదంతా తెలిసీ తలూపాను. తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

ఏప్రిల్‌లో ఒకరోజు, పాఠాలు చెప్పి స్కూలు నుంచి వచ్చేసరికి అది పక్కకు ఒరిగి పడి ఉంది. పంజరం కమ్మీలు ముట్టుకుంటే చుర్రుమన్నాయి. నేల ఎక్కడ చల్లగా ఉందా అని ఇల్లంతా ఒట్టికాళ్లతో తిరిగాను. దేవుడి పీట పక్కన, ఈశాన్యం మూల. ఎండ పడదు, టీవీ చప్పుడు రాదు, పిల్లి దూరే కిటికీ లేదు. పంజరం అక్కడ దించి, దాని మూతికి నీటిచుక్కలు అందించాను. గంటకు లేచి నా వేలు కొరికింది. ఏడుపొచ్చింది.

మర్నాడు ఓనరమ్మ చూడనే చూసింది.

"దేవుడుండే మూలకు ఎలుకనా? తీస్తవా, ఇల్లు ఖాళీ జేస్తవా?"

మా ఆయన నావంక చూశాడు. మాట పెంచొద్దని ఆ చూపుకు అర్థం. పదమూడేళ్లుగా నాకది అర్థమవుతూనే ఉంది.

"ఖాళీ చేస్తామండీ," అన్నాను. "ఇల్లు దొరికేదాకా అది అక్కడే ఉంటుంది."

ఆ ఆదివారమే ఇళ్లవేట మొదలుపెట్టాను. ఎల్బీ నగర్‌లో రెండు చూశాను, బడంగ్‌పేట్‌లో మూడు. ప్రతి బ్రోకరూ ఏ ఫేసింగ్ కావాలనే అడిగాడు. నేను జవాబు చెప్పకుండా, ఎండ బాగా ముదిరిన వేళ, ఒక్కో మూలకూ వెళ్లి నేలకు అరచెయ్యి ఆనించి చూశాను. బడంగ్‌పేట్ బ్రోకరుకు ఓపిక పోయింది.

"ఇల్లు ఎవరికి మేడం? గట్ల ఏం జూస్తున్నరు?"

"హామ్‌స్టర్‌కి," అన్నాను. "దానికి చోటు కుదిరితే మేమూ వచ్చి ఉంటాం."