అక్క కొట్టంలో తనిఖీ

ఆ పరిశోధనశాలకు రెండు తలుపులు. మొదటిది మూసుకుంటే గాని రెండవది తెరుచుకోదు. నడుమనున్న ఇరుకు గదిలో చేతితొడుగులు విప్పుతూ నిలబడిన ఆమెకు ఆనాడు ఏ తలుపు వైపూ అడుగు పడలేదు. ఆవులకు నెలలు నిండకుండానే దూడలు పడిపోవడానికీ, మనుషులను విడవని జ్వరం పట్టి పీడించడానికీ మూలమైన క్రిమి జాడ ఆమె నెత్తుటిలోనే దొరికింది.

పశువైద్యులనూ మనుషుల వైద్యులనూ ఒక్క బల్ల దగ్గరికి చేర్చిన పరిశోధన అది. దాని ఆధారంగానే ప్రభుత్వం నియమాలు పెట్టింది: రోగం తేలిన పశువును వధించాలి, తనిఖీ సంగతి యజమాని చెవిన ముందుగా పడరాదు. ఈ రెండవదాని కోసం నిండు సభలో పట్టుబట్టినది ఆమెయే. "ముందే చెప్పామా, తెల్లారేసరికి కొట్టం ఖాళీ!" అన్న ఆమె మాటకు అందరూ తలలూపారు.

ఆమె పచ్చిపాలు తాగేది ఒక్కచోటే, అక్క కొట్టంలో. ఆ ఆవులే అక్కకు ఆధారం.

"ఎక్కడ సోకిందో సాయంత్రంలోగా చెప్పమ్మా," అన్నారు పెద్ద డాక్టరు. "మన గదిలోనే అయితే, నీ పక్కన పనిచేసే అమ్మాయి తప్పు చేసినట్టే. బయటైతే రేపు పొద్దున్నే తనిఖీ."

అబద్ధమాడితే నిరపరాధికి నింద. నిజమాడితే తోబుట్టువుకు చేటు. ధర్మం ఇంత ఇరుకు దారిలో నడుస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. అంతలో అక్క ఫోను చేసింది.

"ఏమే మహారాణీ, మా గడప తొక్కితే మీ డాక్టర్ల పరువు పోతుందా?"

"ఒంట్లో బాగాలేదక్కా."

"ఎలా బాగుంటుంది, ఆ సీసాల మధ్య కూర్చుంటే! నా కోడల్ని చూడు, కడుపుతో ఉన్నా బుగ్గలెలా ఉన్నాయో! పొదుగు కింద గ్లాసు పెట్టి పట్టిస్తున్నా మరి."

"పాలు కాచి ఇవ్వక్కా."

"ఎందుకే?"

"ఊరికే."

"ఊరికే అయితే నా ఇష్టం. నీకు చెప్పి చేయాలా?"

నోటికి తానే వేయించిన తాళాన్ని ఆమె తానే తీసింది. అంతా చెప్పేసింది.

"అయితే ఆవుల్ని ఈ రాత్రికే సంతకు తోలేయనా?"

"తోలితే ఇంకో ఇంటి కోడలు తాగుతుందక్కా."

ఫోను ఠక్కున ఆగిపోయింది.

ఆమె తిన్నగా పెద్ద డాక్టరు గదికి వెళ్ళి, సోకిన చోటు చెప్పింది. అక్కను హెచ్చరించిన సంగతీ దాచలేదు. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "నీ నియమం నువ్వే తప్పావమ్మా. రేపటిదాకా ఆగడానికి లేదిక. దారి చూపించు, పద. ఆ తర్వాత ఈ పరిశోధనలో నీకు చోటుండదు."

బండి కొట్టం ముందు ఆగింది. ఆవులన్నీ కొట్టంలోనే ఉన్నాయి. చెక్కగేటు వెనుక అక్క నిలుచుని ఉంది. వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే లోపలికి విడిచింది. కోడలిని రక్తపరీక్ష కోసం బండెక్కించింది. చివరగా చెల్లెలు అడుగు వేయబోతుంటే గడియ పడింది.

"నువ్వక్కడే ఉండు," అంది అక్క, ముఖం చూడకుండా.

బండిలోంచి కోడలు పొట్టమీద చెయ్యి వేసుకుని, "పిన్నత్తా, నాకేం కాదుగా?" అని అడిగింది. గేటు అవతల అక్క, నెత్తురు తీయించుకుంటున్న ఆవు మెడ నిమురుతూ, "కదలకే తల్లీ, సూదేగా," అంటోంది.